పేరు గుత్తిది, పుట్టుక గిద్దలూరు అడవిది

చంద్రపూర్‌లోని బాబుపేట్ మీదుగా దక్షిణానికి పోయే రైలుకు తర్వాత తగిలే పెద్ద స్టేషను బల్లార్షా. అక్కడి కలప డిపోలో వేలానికి వచ్చే టేకును కొన్నవాళ్ళు బల్లార్షా టేకు అనే పిలుస్తారు. ఆ చెట్టు పెరిగింది ఆలపల్లి అడవిలో కావచ్చు. అయోధ్య గుడి తలుపులకు 2023లో ఇక్కడి నుంచి పోయిన టేకునూ ఒకరు బల్లార్షా అన్నారు, ఒకరు చంద్రపూర్ అన్నారు, ఒకరు గడ్చిరోలి అన్నారు. అయినా దాని జాడ దొరకకుండా పోదు. అడవి శాఖ దుంగ మీద సుత్తితో ముద్ర కొడుతుంది, నంబరు వేస్తుంది, రవాణా పర్మిట్ రాస్తుంది. ఆ కాగితాలు పట్టుకుని వెనక్కి నడిస్తే చెట్టు నరికిన చోటు తెలుస్తుంది. దుంగను చూసి మాత్రమే ఊరు చెప్పమంటే తలపండిన కలప వ్యాపారి కూడా తడబడతాడు. టరంటులాలనే పెద్ద సాలీళ్ళను పెంచేవాళ్ళు ఒకే జాతిలో ప్రాంతీయ రూపాలను వేరుపరిచే పద్ధతి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ కాగితాలే గుర్తొస్తాయి. సాలీడు ఏ ప్రాంతానిదో చెప్పాల్సింది దాని వెంట వచ్చిన రికార్డు. రంగుకు ఆ పని అప్పగించకూడదు.

దీనికి అన్నింటికన్నా గట్టి సాక్ష్యం మన తెలుగు నేల మీదే ఉంది. ప్రపంచమంతా గూటీ సఫైర్ అని మురిపెంగా పిలుచుకునే నీలి సాలీడు పొయెసిలోథీరియా మెటాలికా. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడును ఆధారం చేసుకుని బ్రిటిష్ మ్యూజియానికి చెందిన పోకాక్ 1899లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత 102 ఏళ్ళు అది మళ్ళీ ఎవరి కంటా పడలేదు. చివరికి 2001లో కనిపించింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన. ఈ సాలీడు కాపురం చెట్ల తొర్రల్లో. కొట్టిన చెట్టుతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందన్నదే నమ్మదగిన మాట. అంటే ఆ మొదటి చీటీలో అబద్ధం లేదు. సాలీడు దొరికిన చోటును ఉన్నదున్నట్టు రాశారు. దాన్ని పుట్టిన చోటుగా చదివింది మనమే. ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఐయూసీఎన్ 2008లో దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. దాని ఉనికి 100 చదరపు కిలోమీటర్లకు లోపే. ఇంత చిన్న ఇల్లున్న జీవికి చిరునామా తప్పుగా పడితే వెతికేవాళ్ళు తప్పు అడవిలో వెతుకుతారు, కాపాడేవాళ్ళు తప్పు అడవికి కాపలా కాస్తారు.

ఇక కంటి సంగతి. పొయెసిలోథీరియా ప్రజాతి సాలీళ్ళను గుర్తుపట్టే విద్య చిన్నదేం కాదు. పెంపకందార్లు సాలీడును అద్దానికి ఎక్కనిచ్చి అడుగుభాగం చూస్తారు. మొదటి జత కాళ్ళ కింద పసుపు, నలుపు పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో లెక్కపెడతారు. ఈ ప్రజాతిలోని రిగాలిస్ అనే జాతి అయితే పొట్ట కింద అడ్డంగా లేత గులాబీ ఛాయ పట్టీ కనిపిస్తుంది. ఇదంతా జాతిని తేల్చడానికి బాగా పనికొస్తుంది. చిక్కు వచ్చేది ఆ తర్వాతి మెట్టులో. ఒకే జాతిలో ఇది ఫలానా కొండది, అది ఫలానా లోయది అని ఛాయను బట్టి చెప్పబోయినప్పుడు కాళ్ళ కింద నేల జారిపోతుంది. మెటాలికా నీలం రంగుపూత లాంటిది కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురును తిప్పికొట్టే తీరు వల్ల పుడుతుంది. పిల్లల్లో ఆ నీలం ఉండదు, కుబుసాలు విడిచే కొద్దీ తేరుతుంది. కుబుసం విడవబోయే ముందు మళ్ళీ వెలవెలబోతుంది. ఎదిగిన మగది ఆడదాని పక్కన నిలబడితే వెలిసిపోయినట్టుంటుంది. ఒకే గుడ్ల సంచి నుంచి వచ్చిన రెండింటిని వేర్వేరు వయసుల్లో, వేర్వేరు దీపాల కింద ఫొటో తీస్తే రెండు జిల్లాల సాలీళ్ళని నమ్మించవచ్చు.

అనుభవం ఉన్న కన్ను ఇవన్నీ దాటి చూస్తుంది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ కన్ను ఎక్కడ చదువుకుంది? మెక్సికో ఎర్రమోకాళ్ళ టరంటులా ఉదాహరణ చూడండి. పెంపకంలో అంతకన్నా పేరున్న సాలీడు ఇంకొకటి లేదేమో. దశాబ్దాల పాటు వేల ఇళ్ళలో బ్రాకీపెల్మా స్మితీ అని పెంచిన వాటిలో ఎక్కువ భాగం హామోరీ అనే వేరే జాతివని 2017లో మెండోజా, ఫ్రాంకే అనే ఇద్దరు శాస్త్రవేత్తల పరిశీలన తేల్చింది. రెండింటి నడుమ బాల్సాస్ నదీలోయ అడ్డుగోడలా ఉంది. చోటు కచ్చితంగా తెలిసిన సాలీళ్ళను పక్కపక్కన పెట్టి ఆకారాన్ని, డీఎన్ఏను పోల్చాకే ఆ సంగతి బయటపడింది. తేడా అంతకుముందూ కళ్ళెదుటే ఉంది, చూపించే రికార్డే లేదు. అమ్మినవాడి మాటతో పాఠం నేర్చుకున్న కన్ను ఎన్నేళ్ళు చూసినా అమ్మినవాడి మాటనే తిరిగి అప్పజెబుతుంది. శ్రీలంకలో కథ దీనికి తలకిందులుగా నడిచింది. అక్కడి పొయెసిలోథీరియాల్లో సబ్‌ఫస్కా, బారా అనే రెండూ చాలాకాలం వేర్వేరు జాతులుగా చలామణీ అయ్యాయి. 2013లో రెండూ ఒకటేనని కలిపేశారు. అయినా ఎత్తు ప్రాంతానివి, పల్లపు ప్రాంతానివి అంటూ రెండు వంశాలను కలవనివ్వకుండా పెంచుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళదే సరైన పని. పుస్తకంలో పేర్లు కలిసినంత మాత్రాన గూళ్ళు కలపాల్సిన పని లేదు. ఆ నిర్ణయం రేపు మారవచ్చు. కలిసిన రక్తాన్ని మాత్రం ఎవరూ విడదీయలేరు.

పెట్టెలో పుట్టి పెట్టెలో పోయే సాలీడుకు వంశవృక్షం దేనికన్నది మరో అభ్యంతరం. అది అడవికి తిరిగి వెళ్ళదన్నది చాలావరకు నిజమే. కానీ అడవి తగ్గిపోతున్న జాతుల విషయంలో పెట్టెల్లో ఉన్నదే రేపు పోల్చి చూడటానికి మిగిలే నమూనా కావచ్చు. ఊరూపేరూ లేని నమూనా ఆ పోలికకు పనికిరాదు, ఊహతో ఊరు అంటించిన నమూనా అంతకన్నా చేటు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన అభ్యంతరం ఇంకొకటి. చోటు రాసిపెడితే దొంగలకు దారి చూపినట్టు కాదా? అవుతుంది. 100 చదరపు కిలోమీటర్లలో బతికే సాలీడుకు ఫలానా వాగు, ఫలానా చెట్టు అని అచ్చువేస్తే ఆ తొర్రలు మర్నాటికి ఖాళీ. కాబట్టి రికార్డు ఉంచడం వేరు, దాన్ని చాటింపు వేయడం వేరు. కచ్చితమైన చోటు పరిశోధన సంస్థ దగ్గర, అడవి శాఖ దగ్గర ఉండాలి. చదివేవాళ్ళకు కొండల వరుస పేరు చాలు. కొత్తగా అడవి నుంచి పట్టి తెచ్చే పని అసలే కూడదు. పొయెసిలోథీరియా ప్రజాతి మొత్తం 2019లో, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి వచ్చింది. ఆ ఒప్పందంలోని జీవులను మన వన్యప్రాణి చట్టం 2022 సవరణతో తన పరిధిలోకి తెచ్చుకుంది. రికార్డు పేరుతో చట్టాన్ని దాటే హక్కు ఎవరికీ లేదు.

చట్టప్రకారం పెంచుతున్నవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. తల్లి ఏది, తండ్రి ఏది, ఏ సంవత్సరం, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పెట్టె మీద రాయండి. చోటు తెలియకపోతే తెలియదు అనే రాయండి. చూడబోతే అక్కడిదిలా ఉందని మాత్రం రాయకండి. సాలీడు విడిచిన కుబుసాన్ని చెత్తబుట్టలో వేయకండి. ఆడదాని కుబుసంలో వీర్యకోశం ఆకారం నిలిచి ఉంటుంది, ప్రాణికి గోరంత నొప్పి లేకుండా దాన్ని పరీక్షించవచ్చు. అందులోంచి డీఎన్ఏ కూడా తీయవచ్చు. ఆరబెట్టి, తేదీ వేసి, చిన్న డబ్బాలో దాచండి.