మంత్రసాని మాటలు, పంతులుగారి పుస్తకాలు

పునరుజ్జీవనం అన్న మాటను రాజమహేంద్రవరంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది కందుకూరి వీరేశలింగంగారి ఊరు. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం చేయించింది ఇక్కడే. వెలికి భయపడి పనివాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి స్వయంగా నీళ్ళు మోశారు. ఆ బిందెను పక్కనపెట్టి ఆ పెళ్ళి గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఐరోపాకు సంబంధించి జోన్ కెల్లీ 1977లో అడిగిన ప్రశ్న, అసలు స్త్రీలకు పునరుజ్జీవనం జరిగిందా అన్నది, మన ఊళ్ళోనూ అడగాల్సిందే. నేను దాన్ని శరీరం వైపునుంచి అడుగుతున్నాను.

ఆధునిక శరీరనిర్మాణ శాస్త్రానికి తొలి గ్రంథంగా చెప్పుకునేది 1543లో బాసెల్‌లో అచ్చయిన వెసేలియస్ 'ఫాబ్రికా'. అప్పటికి ఆయనకు ఇరవయ్యెనిమిదేళ్ళు. దాని ముఖచిత్రంలో మగవాళ్ళ తొక్కిసలాట మధ్య బల్లమీద పొట్ట కోసిన స్త్రీ శవం ఉంటుంది. పక్కన నిలబడి వెసేలియస్ మనవైపు చూస్తుంటాడు. ఆమె ఎవరో ఆయనే రాశాడు. ఉరిశిక్ష పడిన మనిషి, చావు తప్పించుకోవడానికి గర్భవతినని చెప్పింది. మంత్రసానులు పరీక్షించి కాదన్నారు. ఈ చిన్న వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆమె గర్భం సంగతి తేల్చింది ఆడవాళ్ళే, అదీ కత్తి అవసరం లేకుండా. గ్రంథకర్తగా మిగిలింది మాత్రం కత్తి పట్టినవాడు. ఆమె పేరు ఆ గ్రంథంలో లేదు.

కాథరీన్ పార్క్ 2006లో వెలువరించిన 'సీక్రెట్స్ ఆఫ్ విమెన్' ఈ కథను ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది. ఇటలీలో శవాన్ని కోసి చూడటం విశ్వవిద్యాలయాల్లోనే పుట్టలేదంటుంది ఆమె. 1308లో మోంటెఫాల్కోలో క్లారా అనే సన్యాసిని చనిపోతే తోటి సన్యాసినులే ఆమె శరీరాన్ని తెరిచారు, గుండెలో శిలువ గుర్తు కోసం. 1486లో ఫ్లారెన్సులో ఒక గృహిణి తన గర్భాశయ వ్యాధి కూతురికి వస్తే వైద్యం చేయడానికి పనికొస్తుందని, చచ్చిపోయాక తనను కోసి చూడమని అడిగింది. 'ఆడవాళ్ళ రహస్యాలు' అంటే మొదట్లో ఆడవాళ్ళకు తెలిసిన సంగతులు. తర్వాత్తర్వాత ఆడవాళ్ళ గురించి మగవాళ్ళు తెలుసుకోవలసిన సంగతులయ్యాయి. పార్క్ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఈ మలుపును పట్టుకోవడమే. ఎవరో కుట్ర పన్నారని ఆమె ఎక్కడా అనదు, అందుకే నమ్మబుద్ధేస్తుంది.

ఇక మన పంతులుగారు. స్త్రీల కోసం 1883లో 'సతీహితబోధిని' పత్రిక పెట్టారు, 'దేహారోగ్యధర్మబోధిని' రాశారు. ఆ రెండో పేరును ఒకసారి నెమ్మదిగా చదవండి. దేహానికీ బోధకీ మధ్య ధర్మం వచ్చి కూర్చుంది. ఆడవాళ్ళకు శరీరజ్ఞానం అందాలని ఆయన నిజంగానే కోరుకున్నారు, ఆ కాలానికి అది తక్కువ సంగతి కాదు. అయితే బోధించేవాడొకడు, వినే ఇల్లాలొకతె అన్న ఏర్పాటు మాత్రం చెదరకూడదు.

చెదిరినప్పుడు ఏమైందో ముద్దుపళని విషయంలో చూశాం. తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానంలో ఆమె రాసిన 'రాధికా సాంత్వనము'లో స్త్రీ దేహమూ కోరికా స్త్రీ గొంతుతోనే పలుకుతాయి. 'ఆంధ్ర కవుల చరిత్రము'లో పంతులుగారు దాన్ని ఆడవాళ్ళు వినదగని రాతగా తీసిపారేశారు. 1910లో ఆ కావ్యాన్ని అచ్చువేసిన బెంగుళూరు నాగరత్నమ్మ పీఠికలో తిరిగి నిలదీసింది: సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా? 'వైజయంతీ విలాసము'ను పరిష్కరించి పాఠ్యగ్రంథంగా పెట్టించింది తమరే కదా? ఆ కావ్యంలోనూ శృంగారానికి కొదవలేదు మరి. తెలుగు విమర్శలో ఇంత సూటి వాదన నేను ఎక్కువగా చూడలేదు. ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. నిషేధం ఎత్తేయడానికి 1947 దాకా ఆగాల్సొచ్చింది.

ముద్దుపళనికి కనీసం గొడవైనా దక్కింది. మంత్రసానికి అదీ లేదు. చాలా ఊళ్ళలో మంగలి, చాకలి, దళిత స్త్రీలే పురుడు పోసేవాళ్ళు. 'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని సామెత కట్టి నవ్వుకున్నాం గానీ, అది చదువు అని ఎవరమూ అనలేదు. ఆ చదువు మాటల్లో మిగిలింది. నెల తప్పడం, ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు, నీళ్ళాడటం. పాఠ్యపుస్తకం మాయను జరాయువు చేసింది. ఆ పదం బట్టీపట్టి పరీక్ష రాసిన అమ్మాయికి, తన అమ్మమ్మ మాయ అన్నది దాన్నేనని తరగతిలో ఎవరూ చెప్పరు. సంస్కృత పదాలతో నాకు పేచీ లేదు. కులం తక్కువ ఆడవాళ్ళ నోట్లో ఉన్నంతకాలం శాస్త్రం కానిది, తత్సమం కాగానే శాస్త్రమైపోవడంతోనే పేచీ.

మధ్యలో ఇంకో దారి కూడా పడింది. తొలి స్త్రీల చరిత్రకారిణి భండారు అచ్చమాంబ 1905లో చనిపోయింది. మరుసటేడు పుట్టిన మేనకోడలికి ఆమె పేరే పెట్టారు. ఆ కొమర్రాజు అచ్చమాంబ డాక్టరై విజయవాడలో వైద్యం చేసింది, 'ప్రసూతి - శిశుపోషణ' రాసింది, 1957లో లోక్‌సభకూ వెళ్ళింది. పురుటిగది నుంచి అచ్చు పుస్తకానికి ఒక స్త్రీ వేసిన ఈ దారిని మన సాహిత్య చరిత్రలు శాస్త్రగ్రంథమని వదిలేశాయి, వైద్య చరిత్రలు తెలుగు పుస్తకమని వదిలేశాయి. పరిశోధనకు విషయం దొరకడం లేదనే విద్యార్థినులు ముందు ఆ పుస్తకం తెరిచి, అందులో మంత్రసాని మాటలు ఎన్ని నిలిచాయో, ఎన్ని పోయాయో లెక్క తీస్తే బాగుండును.