పునశ్చరణ తరగతులు: ఒక విమర్శ

బోధించువాడు నేర్చుకొనుట మానిన నాడే అతని బోధన పాతబడును. ఇందు వివాదము లేదు. 1964-66 నాటి కొఠారి విద్యాసంఘము ప్రతి ఉపాధ్యాయునకును ఐదేండ్ల కొలువులో కనీసము రెండు మూడు నెలల శిక్షణ యుండవలయునని సూచించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఏటేట 50 గంటలు విధించినది. కావున పునశ్చరణ తరగతులు వలయునా, వలదా యను విచారముతో మాకు పనిలేదు. ఆ తరగతులలో ఉపాధ్యాయుడు విన్నది పిల్లవాని పలకవరకు చేరుచున్నదా? ఇదియే మా ప్రశ్న. దక్షిణ తెలంగాణపు మెట్టసీమలైన నల్లగొండ, మహబూబునగరుల నెదుట నుంచుకొని దీనిని పరీక్షింప దలచితిమి.

ఈ సీమ నెన్నుకొనుటకు కారణము గలదు. 2011 జనాభా లెక్కలలో అవిభక్త ఆంధ్రప్రదేశ్‌ అక్షరాస్యత నూటికి 67; నల్లగొండ జిల్లాలో 64; మహబూబునగరులో 55, అనగా నాటి జిల్లాలన్నింటిలో కడపటిది. దేవరకొండ ప్రాంతమున లంబాడీ తండాలు మెండు. అచ్చంపేట కావలి నల్లమలలో చెంచుపెంటలు గలవు. పాలమూరు కూలీలు మట్టిపనికి దూరప్రాంతములకు వలసపోవుట తరతరాల కథ. వారి వెంట పోయిన పిల్లలు నెలలకొలది బడి మరచి తిరిగివత్తురు. ఇట్టిచోట పాఠము చెప్పుట ఎంతటి సమర్థునకైనను కఠినపరీక్ష. శిక్షణ యెవరికైన నక్కఱకు రావలెనన్న, మొదట వీరికి రావలయును.

మన ప్రాంతమున నీ ప్రయత్నము క్రొత్తది కాదు. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1983లో ప్రయోగముగా నారంభమై, 1989 నుండి రాష్ట్రమంతట వ్యాపించి, 1996 వరకు నడచిన ప్రాథమిక విద్యా పథకము మన యుపాధ్యాయులకు ఆరు సూత్రములను నేర్పినది. చేయుచు నేర్చుకొనుట, జట్లుగా నేర్చుకొనుట, పిల్లలలోని తారతమ్యములను గమనించుట, పరిసరములనే పాఠముగా మలచుకొనుట మున్నగు నీ సూత్రములలో తప్పుపట్టదగినది లేదు. ఇరుగుపొరుగు బడుల యుపాధ్యాయులు ఒకచోట కూడుకొనుటకు కేంద్రముల నేర్పరచుట ఆ పథకమున కెల్ల మేలైన పని. అయినను పెక్కుబడులలో బాహ్యచిహ్నములే మిగిలినవి. గోడలపై బొమ్మలు వ్రేలాడినవి; పిల్లలు గుండ్రముగా కూర్చుండిరి; కూర్చుండి చేసినది మునుపటి వల్లెవేతయే. సూత్రము కంఠస్థమైనది గాని, తన తరగతిలో దానిని పరీక్షించి సరిచూచుకొను అలవాటు ఉపాధ్యాయునకు పట్టుబడలేదు.

2019 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘నిష్ఠ’ ఇంతకంటె విస్తారమైనది. సుమారు 42 లక్షలమంది ఉపాధ్యాయులకును, ప్రధానోపాధ్యాయులకును శిక్షణ నొసగుట దాని సంకల్పము. పైన కొందరు నేర్చి, వారు రాష్ట్రములలో మఱికొందరికి నేర్పి, వీరు మండలములలోని ఉపాధ్యాయులకు చెప్పుట దాని పద్ధతి. 2020 అక్టోబరులో, కరోనా కాలమున, అది ‘దీక్ష’ యను అంతర్జాల వేదిక కెక్కినది. బడులు మూతపడిన వేళ మారుమూల నున్న ఉపాధ్యాయునకును పాఠమందినదనుట నిజము; ఆ మేలును మేము కాదనము. కాని చేతులు మారినకొలది బోధన పలుచబడును. తెరపై పాఠము చూచి, ప్రశ్నలకు గుర్తులు పెట్టి, ధ్రువపత్రము పొందుటతో పని ముగిసినదని తలచువారును గలరు. గంటలు లెక్కకు వచ్చును; పిల్లవాడు లెక్కకు రాడు.

ఒక్క యుదాహరణము చాలును. 2021లో వచ్చిన ‘నిష్ఠ’ మూడవ విడతలోని 12 పాఠములలో ఒకటి ప్రాథమిక తరగతులలో బహుభాషా బోధనను గూర్చినది. విషయము మిక్కిలి యుచితము. తండాలోని పిల్ల ఇంట లంబాడీ మాటలాడును. బడిలో తెలుగు వినును. 2022-23 నుండి ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినందున ఆంగ్లమును ఎదుర్కొనును. ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఆంగ్లము అచ్చైన పుస్తకమున ఆమె యింటిమాట ఏ ప్రక్కనను లేదు. ఆ పిల్ల ఏ మాటకడ ఆగిపోవునో దేశమంతటికి వ్రాసిన పాఠమునకు తెలియుట అసాధ్యము. తెలిసినవాడు ఆ బడి యుపాధ్యాయు డొక్కడే. అతనిని అడిగిన వారెవరు? శిక్షణ అతనికి చెప్పినది; అతని నుండి వినలేదు. మా దృష్టిలో ఈ తరగతుల మూలదోష మిదియే.

2022 ఆగస్టు 15న రాష్ట్రప్రభుత్వము మొదలిడిన ‘తొలిమెట్టు’ ఈ విషయమున ఒక యడుగు ముందున్నది. ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలు చదువను, వ్రాయను, లెక్కింపను నేర్వవలెనని అది గుఱిని పిల్లవానియందే నిలిపినది. అయితే పిల్లవానిని చూచుటకు వలసిన ప్రొద్దును పట్టికలు నింపుట మింగివేయకుండ జాగ్రత్తపడవలయును.

ఉపాధ్యాయులే సోమరులు, ఎంత నేర్పినను మారరు అని కొందరందురు. మే మంగీకరింపము. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ యొక్కడు శిక్షణకు పోయిన బడి మూతపడును. పోకున్న అపరాధి యగును. వలసనుండి నాలుగు నెలలకు తిరిగివచ్చిన పిల్లవానిని ఏ వరుసలో కూర్చుండబెట్టవలెనో చెప్పు పాఠము అతనికి వలయును. అది దొరకనప్పుడు తరగతియందు కునుకుట సోమరితనమని మేమనజాలము.

చేయవలసినది పెద్ద వ్యయముతో కూడినది కాదు. స్కూలు కాంప్లెక్సు సమావేశములు ఉండనే యున్నవి. అచ్చట ఉపన్యాసమును తగ్గించి, ప్రతి ఉపాధ్యాయుడును తన తరగతిలో వెనుకబడిన ఒక పిల్లవాని నోటుపుస్తకమును తెచ్చి తోడివారి ముందుంచవలయును. తండాబడివారు కూడి లంబాడీ మాటల పట్టికను తామే కూర్చుకొనవలయును. 1986 విద్యావిధానము ననుసరించి యేర్పడిన జిల్లా శిక్షణాసంస్థల అధ్యాపకులు తరగతులు ముగిసిన నెలకు బడికి పోయి, చెప్పినదానిలో ఏది పనిచేసినదో, ఏది చేయలేదో కన్నులార చూడవలయును. 2016లోను, 2019లోను పాత రెండు జిల్లాలు విడిపోయి పెక్కు జిల్లాలైనవి గనుక, అందుకు తగినంతమంది అధ్యాపకులను నియమించుట ప్రభుత్వధర్మము. శిక్షణదినములలో ఏకోపాధ్యాయ పాఠశాలకు బదులు మనిషి నంపనిదే ఆ యుపాధ్యాయుని పిలువరాదు.

గృహస్థులకును ఇందు పనిగలదు. బడి యుపాధ్యాయుడు శిక్షణ ముగించి వచ్చినాడని వినినప్పుడు తల్లులు, తండ్రులు ఆదరముతో ఒక్కమాట అడుగవచ్చును: “అయ్యా, అక్కడ నేర్చినదానితో మా పిల్లకు ఈ నెల ఏమి క్రొత్తగా చెప్పెదరు?” ఈ ప్రశ్నకు తడబడక బదులిచ్చు నుపాధ్యాయులు ఊరూర పెరిగిన నాడు పునశ్చరణ తరగతులు ఫలించినవని మేము సంతోషముతో వ్రాయగలము.