కరువు ముఖాన్ని కత్తిరించిందెవరు?

కరువు మీద వచ్చిన ఏ నివేదికైనా, ఏ ప్రత్యేక సంచికైనా తీసి చూడండి. అట్ట మీద ఒక ముఖం ఉంటుంది. ముసలామె ముఖమో, చంటిబిడ్డ తల్లి ముఖమో. నుదుటి మీద ముడతలు, వెనకాల నెర్రెలిచ్చిన చెరువు నేల. ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఫొటో తీసినవాళ్ళ పేరు మాత్రం లోపలి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. కథల్లో, కవిత్వంలో దళితుల్ని ఎవరు ఎట్లా చూపిస్తున్నారని మనం గట్టిగానే పోట్లాడాం. ఫొటో దగ్గరికొచ్చేసరికి, అది ఉన్నదున్నట్టు చూపిస్తుందిలే అని వదిలేశాం.

మేం వదిలేయడమే కాదు, ఆ పని స్వయంగా చేశాం కూడా. అక్కణ్ణించే మొదలుపెడతాం.

2002 కరువులో వలసల వివరాల కోసం బుక్కరాయసముద్రం దళితవాడకు పోయాం. ఒక కూలీ ఇంటిముందు కెమెరా తీశాం. చూడగానే ఆమె లోపలికి పోబోయింది, చీర మార్చుకుని తల దువ్వుకుని వద్దామని. మాలో ఒకరు 'వద్దులేమ్మా, అట్లే ఉండు, అట్లయితేనే బాగుంటాది' అన్నారు. ఎవరికి బాగుంటాదో ఆమె అడగలేదు, మేమూ ఆలోచించలేదు. ఆమె కోడల్ని పిలిచి పక్కన నిలబెట్టుకుంది. గోడకు ఆనించి సైకిలు ఉంది. బెంగళూరుకు కట్టడం పనికి పోయిన కొడుకుది. ఫిల్ము మీద ఇవన్నీ పడ్డాయి.

అట్ట బొమ్మకు వచ్చేసరికి కత్తిరింపు మొదలైంది. ఇదేమంత కష్టమైన పని కాదు. ఎల్ ఆకారంలో కోసిన రెండు అట్టముక్కలు ప్రింటు మీద పెట్టి అటూ ఇటూ జరుపుతూ పోతే చాలు, చట్రం బిగుసుకుంటూ వస్తుంది. ముందు సైకిలు పోయింది. తర్వాత కోడలు పోయింది. తర్వాత భుజాల కిందిదంతా పోయింది. మిగిలిన ముఖం చూసి 'ఎంత బలంగా ఉందో' అనుకున్నాం. వలసల మీద పుస్తకం అది. వలసపోయిన మనిషి గుర్తునూ, అతని కోసం ఎదురుచూసే మనిషినీ మా చేతులతోనే తీసేశామని అప్పుడు తట్టనే లేదు.

పుస్తకం తీసుకుపోయి ఇస్తే ఆమె తిప్పితిప్పి చూసింది. 'ఏం సార్, మా కోడల్ని యాడ పెడ్తిరి?' అనింది. కాసేపాగి, 'నేనేమన్నా సచ్చిపోతినా, నన్నొక్కదాన్నే ఏసినారు?' అనింది. ఆమె ఇంట్లో గోడకు ఒంటరి ముఖంతో ఉన్న పటం ఒక్కటే. పూలదండ వేసింది. చనిపోయిన మామది.

బొమ్మ చూడ్డంలో మేం నేర్చుకున్న చదువు వేరు, ఆమెకున్న చదువు వేరు. ఒంటరి ముఖం మాకు 'వ్యక్తిత్వం'. ఆమెకు అది మనుషుల్లోంచి పోయినవాళ్ళ గుర్తు.

కత్తిరింపు కంటే ముందు కూర్పు అని ఒకటుంది. మనిషిని ఎక్కడ కూచోబెట్టాలి, తీసేవాడు ఎక్కడ నిలబడాలి అనేది. కరువు ఫొటోల్లో చాలావాటిలో మనిషి కింద కూచునుంటుంది, కెమెరా నిలబడుంటుంది. ఆమె తలెత్తి చూడక తప్పదు. ఆ చూపును మనం 'దీనంగా ఉంది' అంటాం. మెడ ఎత్తితే ఎవరి చూపైనా అట్లాగే ఉంటుంది. నడుం దగ్గర పట్టుకుని పైనించి అద్దంలోకి చూసే పాత జంట కటకాల కెమెరాతో తీస్తే నిలబడ్డ మనిషి ఇంకాస్త పొడుగ్గానే కనిపించేది.

ఇక ఆ నెర్రెలు. అనంతపురం మెట్ట పొలాలు ఎక్కువగా ఎర్ర గరుసు నేలలు. అవి ఎండితే పలకలు పలకలుగా పగలవు, గట్టిపడి దుమ్ము లేస్తాయి. అట్లా పగిలేది చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు, నల్లరేగడి. డి ఫారం పట్టా కింద దళితులకు వచ్చిన భూములు ఎక్కువగా గుట్టల వాలులో, గరుసులో ఉంటాయి. అక్కడ కరువు ఫొటోకు 'పడదు'. అందుకని ఆమెను చెరువులోకి తీసుకుపోయి కూచోబెడతారు. ఆ చెరువు కింది మాగాణిలో ఆమెకు సెంటు భూమి ఉందా అన్నది చట్రం బయటి ప్రశ్న.

బుక్కరాయసముద్రం చెరువంటే సాహిత్యం చదివినవాళ్ళకు ముసలమ్మ గుర్తొస్తుంది. తెగబోతున్న కట్టకు తనను తాను బలిచ్చుకున్న బసిరెడ్డి చిన్నకోడలు. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే ఆమె మీద కావ్యం రాశాడు. ఆ త్యాగాన్ని మేం చిన్నబుచ్చడం లేదు. కానీ కట్ట మీద ఒక్క కోడలు నిలబడేసరికి మట్టి తవ్వి మోసినవాళ్ళు, రాత్రుళ్ళు తూము కాసిన నీరుగంటివాళ్ళు చూపులోంచి తప్పుకున్నారు. కెమెరా రాకముందు కూడా కత్తిరింపు ఉందని చెప్పడానికే ఈ మాట.

కెమెరా వచ్చాక మొదటి పెద్ద పాఠం మనదగ్గరే జరిగింది. 1876-78 మద్రాసు కరువు. అనంతపురం అప్పటికింకా జిల్లా కాదు, 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. కరువు తీవ్రంగా కొట్టిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. డబ్ల్యూ.డబ్ల్యూ. హూపర్ అనే సైనికాధికారి బక్కచిక్కిన మనుషుల్ని గుంపులుగా చేర్చి, పెద్దా చిన్నా వరసలు కూర్చి ఫొటోలు తీశాడు. ఒకదాని కింద ఉచిత సాయానికి అర్హులైన 'ఆబ్జెక్ట్స్' అని రాసుంది. ఇంగ్లీషులో ఆ మాటకు పాత్రులనీ అర్థముంది, వస్తువులనీ అర్థముంది. అదే కాలంలో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రోజుకు ఒక పౌను ధాన్యం చాలని కూలి తగ్గించాడు. అది చాలదని డాక్టర్ కార్నిష్ వాదించాడు. మద్రాసు సముద్రపొడ్డున ధాన్యం బస్తాలు గుట్టలుగా పేర్చివున్న 1877 నాటి బొమ్మ కూడా దొరుకుతుంది. ఎముకలూ బస్తాలూ ఒకే బొమ్మలోకి రాలేదు. వచ్చివుంటే చూసేవాళ్ళు జాలి దగ్గర ఆగేవాళ్ళు కాదు. ఈ హూపరే 1886లో మాండలేలో, కాల్చివేతకు నిలబెట్టిన బర్మా ఖైదీలను ఫొటో తీయడం కోసం కాల్పుల ఆజ్ఞను ఆలస్యం చేశాడన్న ఆరోపణ మీద విచారణకు గురయ్యాడు. కూర్పు పిచ్చి అక్కడిదాకా పోయింది.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుతగులుతారు. 'ముఖం దగ్గరగా చూపిస్తేనే గదా జనం కదిలేది, సాయం వచ్చేది' అంటారు. నిజమే, వస్తుంది. ఎవరికి అన్నది చూద్దాం. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోసే కూలీల గుడారాల్లో డొరొతియా లాంజ్ తీసిన 'వలస తల్లి' లోకమంతా ఎరిగిన బొమ్మ. దూరంనించి మొదలుపెట్టి ఒక్కో అడుగూ దగ్గరికి జరుగుతూ తీసింది. మొదట్లో చట్రంలో ఉన్న పెద్దకూతురు ఆఖరి బొమ్మలో లేదు. గుడారం కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు అడ్డంగా ఉందని తర్వాత నెగెటివ్ మీద దాన్నీ చెరిపేశారు. పత్రికలో బొమ్మలు చూసి ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌన్ల తిండి పంపింది. అప్పటికి ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని, చెరొకీ ఆదివాసి మూలాలున్న మనిషి అని లోకానికి తెలిసింది 1978లో. ఆ బొమ్మతో తనకు పైసా రాలేదని ఆమె చెప్పుకుంది.

చిత్రకళాశాలలో కూచునే మోడల్‌కు కూలి ఉంటుంది. ప్రకటనల మోడల్ దగ్గర ఒప్పుదల కాగితం మీద సంతకం తీసుకుంటారు. కరువు ముఖానికి కూలీ లేదు, కాగితమూ లేదు. మోడల్ అన్న మాటకున్న రెండో అర్థంలో, అంటే నమూనాగా, ఆమెను వాడుకుంటున్నాం. థర్‌స్టన్ కొలబద్దలు పట్టుకుని ముక్కులు కొలిచిన పనికి ఇది మరీ దూరం కాదు.

కత్తిరింపంతా తప్పే అని మేం అనడం లేదు. అంబేడ్కర్ పటాన్నే తీసుకోండి. ఎన్నో గుంపు ఫొటోల్లోంచి మనవాళ్ళు ఆయన్ను విడదీసి వాడల్లో నిలబెట్టుకున్నారు. పెద్దమనుషుల వరసలో ఒకడిగా మిగలకుండా బయటికి తెచ్చుకున్న కత్తిరింపు అది. కత్తెర ఎవరి చేతిలో ఉందన్నదే మా తగాదా. పైగా అక్కడ సూటూ టై వేసుకుని ఎట్లా కనబడాలో తేల్చుకున్నవాడు ఆయనే. 1934లో రాజగృహలో తీసిన కుటుంబం ఫొటో చూస్తే రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన లక్ష్మీబాయి, ముకుంద్, ఆఖరికి టోబీ అనే కుక్క కూడా ఉంటుంది. దిగినవాళ్ళు తమ ఇష్టంతో కూర్చుకున్న బొమ్మ అట్లా ఉంటుంది. అందులో ఎవరూ అడ్డం కాదు.

మన ఊళ్ళ స్టూడియో ఫొటోలను మేధావులు 'కృత్రిమం' అని తీసిపారేస్తుంటారు. పౌడరు, అరువు గడియారం, వెనక తెర మీద గీసిన మేడ. రెడ్డిగారి ముందు కుర్చీలో కూచుంటే దెబ్బలు తిన్న తరం ఆ స్టూడియోలో కుర్చీలో కూచుంది. దాన్ని కృత్రిమం అనే ముందు ఆ కుర్చీని ఒకసారి చూడాలి.

ఆ తర్వాత మేం పూర్తి నెగెటివును పెద్దది చేయించి ఆమెకు తీసుకుపోయాం. అందులో కోడలు ఉంది, సైకిలు ఉంది. చూసి 'బాగుండాది' అని పెట్టెలో పెట్టేసింది. గోడ మీద అప్పటికే వేరే ఫొటో ఉంది. కొడుకు బెంగళూరునించి వచ్చినప్పుడు ముగ్గురూ అనంతపురం పోయి దిగింది. అత్తాకోడళ్ళు కుర్చీల్లో కూచున్నారు, కొడుకు వెనక నిలబడ్డాడు. ఆమె కట్టుకున్నది మేం ఆ రోజు వద్దన్న చీర.