సందేహానికీ ఫీజే

స్త్రీశక్తి సంఘటన 1991లో తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ను వైద్య పుస్తకమని సాహిత్య విమర్శ పక్కన పెట్టింది. స్త్రీ తన శరీరం గురించి ‘ఎందుకు?’ అని అడిగే గొంతును తెలుగు వచనంలోకి తెచ్చిన రచనగా నేను దాన్ని చదువుతాను.

ఆ గొంతుకి ఆసుపత్రిలో చోటెక్కడ? తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళ్లిన స్త్రీకి ఫీజూ, స్కానింగ్ డబ్బులూ కట్టాక దొరికేది రెండు నిమిషాలు. ‘పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి ఇంకెందుకు? ఉంచితే క్యాన్సరొస్తుంది’ అంటారు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయని మాత్రం చెప్పరు. మరో డాక్టరుని అడగాలంటే మరో ఫీజు. పుస్తెలు తాకట్టు పెట్టిన మనిషికి సందేహం కూడా ఖరీదే.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఆసుపత్రిని మన కవిత్వంలోకి తెచ్చాయి. నొప్పిని చదవడం వాటి దగ్గర నేర్చుకున్నాం. బిల్లుని చదవడం మాత్రం మన విమర్శకి ఇంకా అలవాటు కాలేదు. దేహ రాజకీయాల్లో మొగుడితో పాటు, మతంతో పాటు క్యాష్ కౌంటర్ కూడా ఉంది. అప్పు చేసి కోయించుకున్న దేహం ఎవరిదన్న ప్రశ్నని సాహిత్యం వైద్యానికి వదిలేయకూడదు.