కోట లేని కథ

మా పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. అందుకేనేమో, మొన్న సంక్రాంతి సెలవుల్లో నాన్నతో కొండవీడు ఎక్కినప్పుడు నా చూపు రాళ్ళకన్నా ముందు వాటి మధ్య సున్నం మీదే పడింది. చాలాచోట్ల అది రాలిపోయి, వేపమొక్కలు మొలిచాయి.

కొండవీడు గురించి మనవాళ్ళు రాసిన వ్యాసాల్లో దాదాపు ఒకటే వరస: అద్దంకి నుంచి రెడ్డిరాజులు రావడం, పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి కావడం, ఆపైన "ఆ వైభవం ఏదీ?" అనే నిట్టూర్పు. నేనూ అదే నిట్టూర్పుతో ఎక్కాను. నాన్న మాత్రం బురుజు నీడలో కూలబడి, "ఇదంతా సరేగానీ, మన బాలచంద్రుడి కథకి కోటేదిరా?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. నలగాముడి గురజాలలో గానీ, మలిదేవుడి మాచర్లలో గానీ ఇంత కోట లేదు. అయినా 12వ శతాబ్దపు ఆ పోరు మావాళ్ళకి నిన్న మొన్నటి సంగతే.

పల్నాటి వీరచరిత్ర శ్రీనాథుడిదేనా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకా వాదం మీద గౌరవం ఉంది, అనుమానమూ ఉంది. ఆస్థానకవి ముద్ర పడితేగానీ మన కథకి సాహిత్యంలో చోటు దొరకదా? ఆ ద్విపదకి ముందూ వెనకా వీరవిద్యవంతుల గొంతు ఉంది. జీన్ రోఘైర్ 1982లో అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకానికి ఆధారం తాళపత్రం కాదు, అలిసెట్టి గాలెయ్య పాట. బ్రహ్మనాయుడి పక్కన కన్నమదాసు ఎంత ఎత్తున నిలబడతాడో తెలియాలంటే ఆ పాట దగ్గరికే పోవాలి.

అలాగని, కోట కూలినా పాట బతికే ఉంటుందని ధీమాగా అనలేను. కారెంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో నాన్న చిన్నప్పుడు రాత్రంతా మేలుకుని కథ విన్నాడట. నేను యూట్యూబ్‌లో పది నిమిషాలు విని, కోడిపోరు దాకా జరిపేశాను. రాళ్ళ మధ్య సున్నం రాలిందని బాధపడ్డవాణ్ణి, ఇక్కడ రాలుస్తున్నది నేనే.

ఈసారి కార్తీకానికి సెలవు పెట్టాను. నాన్న పక్కన కూర్చుని, తెల్లారేదాకా విందామని.