డొరతీ కేరీ అన్న 'రాను'

విలియం కేరీ జీవిత చరిత్రలు చాలావాటిలో భార్య డొరతీ జబ్బు ఆయన సహనానికి పరీక్షగానే కనిపిస్తుంది. నా అభ్యంతరం అక్కడే. 1793లో ఆమె మొదట రానంది. ఒత్తిడి మీద, తోబుట్టువుని తోడు తీసుకుని, చంటిబిడ్డతో సహా నలుగురు పిల్లలతో బెంగాల్ వచ్చింది. రక్తవిరేచనాలతో నెలల తరబడి తీసుకుంది. 1794లో అయిదేళ్ళ పీటర్ పోయాడు. తర్వాత ఆమెకి మతి చలించింది. 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు.

1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీ మనకు తెలుసు. 1781లో పెళ్ళి రిజిస్టరులో సంతకం రాక గుర్తు పెట్టిన డొరతీ మాత్రం దాదాపుగా ఇతరుల ఉత్తరాల్లోంచే తెలుస్తుంది. ఆమె జబ్బుకి పేరు పెట్టిందీ వాళ్ళే. అందుకే ఆ 'రాను'ని బలహీనతగా కాక ఒక నిర్ణయంగా చదవాలంటాను. ఆమెదని చెప్పుకోదగ్గ మాట మనకు మిగిలింది అదొక్కటే.