మధ్యలో ఏమైనా తిన్నారా?

తిండి గురించి తెలియనివాళ్ళు మన దగ్గర ఎవరూ ఉండరు. అందుకే డైటీషియన్‌కు ఉన్నంత పోటీ మరే వైద్యవృత్తికీ లేదు. గుండె డాక్టరు రాసిన మాత్ర గురించి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నోరు మెదపరు. అదే బరువు తగ్గాలనుకుంటున్నానని తెలిస్తే, లిఫ్టు పై అంతస్తుకు చేరేలోపే సలహాలు మొదలు. పరగడుపున జీలకర్ర నీళ్ళు తాగమని ఒకరు, రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమని ఇంకొకరు, కొర్రలు తప్ప ఏమీ ముట్టొద్దని మరొకరు. వాచ్‌మన్ భార్య మాత్రం "లిఫ్టెందుకమ్మా, మెట్లెక్కండి" అంది. వాటన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే.

ఊరికే ఇన్ని సలహాలు దొరుకుతుంటే ఫీజు కట్టి మరీ ఒకరి ముందు కూర్చోవడం ఎందుకు? ఏడాదికి పైగా ఒక డైటీషియన్ దగ్గరికి వెళ్తున్నాను కాబట్టి, ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఈ వారం చెబుతాను. ఏం తినాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నిజంగా ఏం తింటున్నాం, ఏ వేళకు తింటున్నాం, ఆ వేళకు లోపల ఏం జరుగుతోంది అన్నవి విడదీసి చూడటం మాత్రం వేరే విద్య. ఆ విద్య నేర్చినవాళ్ళు మాట్లాడేది తక్కువ, అడిగేది ఎక్కువ.

నన్ను ఈ డైటీషియన్ దగ్గరికి పంపింది మా డాక్టరు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు వస్తే ప్రీ డయాబెటిస్ అంటారు. నాది అందులో పడింది. డైటీషియన్‌కు మా అబ్బాయి వయసు ఉంటుంది. నన్ను మేడమ్ అంటుంది, నేను అమ్మా అంటాను. చార్ట్ ఇస్తుందని కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. ఇవ్వలేదు.

"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి మేడమ్. ఏం తిన్నారు, ఏం తాగారు?"

దీన్ని వాళ్ళు 24 గంటల రీకాల్ అంటారు. పోషకాహార సర్వేల్లోనూ వాడే పద్ధతే. చెప్పాను. పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలు, నేను పనిచేసే బ్యాంకులో డబ్బా భోజనం, సాయంత్రం టీ, రాత్రి కాస్త అన్నం, మజ్జిగ. నాకే ముచ్చటేసింది, ఇంత పొదుపైన మనిషి ఎలా లావయిందా అని. ఆమె రాసుకుని మళ్ళీ మొదటికి వచ్చింది.

"కాఫీకీ ఇడ్లీకీ మధ్యలో ఏమైనా తిన్నారా?"

అక్కడ కట్ట తెగింది. ఉప్పు సరిపోయిందో లేదోనని రుచి చూసిన పచ్చడి. డబ్బా సర్దుతూ నోట్లో వేసుకున్న బెండకాయ వేపుడు. మా ఆయన ప్లేట్లో మిగిల్చిన సగం ఇడ్లీ, పారేస్తే పాపం కదా. ఎవరో తిరుపతి వెళ్ళొచ్చి పంచిన లడ్డూ, ప్రసాదం వద్దనకూడదు కదా. మూడింటి టీతో ఉస్మానియా బిస్కెట్లు. రాత్రి సీరియల్ చూస్తూ మిక్స్చర్. కూర్చుని తిన్న తిండి ఒక లెక్క, నిలబడి తిన్న తిండి దానికి దాదాపు సమానమైన ఇంకో లెక్క. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె కనుబొమ్మ కూడా కదల్లేదు. అది స్వభావమేమో అనుకున్నాను కానీ, వృత్తి నేర్పిన పద్ధతి అని తర్వాత తెలిసింది. వినేవాళ్ళ ముఖం ఒక్కసారి చిట్లితే చాలు, ఆ తర్వాత చెప్పేదంతా కోత కోసిన లెక్కే అవుతుంది.

ఆమె సొరుగులో గిన్నెలూ, చెంచాలూ, గరిటెలూ ఉన్నాయి. "గరిటెడు పప్పు అన్నారు. ఇందులో ఏ గరిటె?" అని బల్ల మీద పెట్టింది. నూనె దగ్గర మాత్రం గరిటెలు తియ్యలేదు. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో ఎంతమంది, అంతే అడిగింది. ఇద్దరికి నాలుగు లీటర్లు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోక్యాలరీల నమూనా పళ్ళెం ఒకటి ఉంది. అందులో నూనెలూ కొవ్వులూ కలిపి 27 గ్రాములు. ఇద్దరికి నెలకు రెండు లీటర్లు కూడా పట్టదు. మూకుడులో ఎంత పోస్తున్నానో నన్నడిగితే రోజూ ఒకేలా చెప్పేదాన్ని కాను. కిరాణా బిల్లు మాత్రం ఒకటే మాట చెప్పింది.

ఆ సంస్థ కథ కూడా చెప్పుకోదగ్గదే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధన కోసం ఒక చిన్న గదిలో మొదలుపెట్టింది, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తిండిలో ఏదో లోపించి వచ్చే జబ్బుతో మొదలైన సంస్థ ఇప్పుడు తిండి ఎక్కువై వచ్చే జబ్బుల గురించీ మార్గదర్శకాలు రాస్తోంది. దాని నమూనా పళ్ళెంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్ళలో ఈ రెండు అంకెలూ తారుమారుగా ఉంటాయి. అన్నం కొండంత, కూర నంజుకునేంత. మా డైటీషియన్ నా పళ్ళెంలో చేసిన పెద్ద మార్పు ఇదే. అన్నం మాన్పించలేదు. కూరను ముందు వడ్డించుకోమంది, అన్నాన్ని మిగిలిన చోట పెట్టుకోమంది.

ఇంతవరకూ లెక్కలు. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

ఒక నోటుబుక్కు పెట్టమంది. ఎన్ని గంటలకు తిన్నాను, ఏం తిన్నాను, తినేముందు ఆకలి సున్నా నుంచి పదిలో ఎంత, పక్కన ఎవరున్నారు, అప్పటిదాకా ఏం చేస్తున్నాను. క్యాలరీలు రాయొద్దంది. కొన్ని వారాలయ్యాక ఆ పేజీల మీద వేలు పెట్టి ఆమె చూపించింది ఒక్క గంటను. రాత్రి తొమ్మిదిన్నర.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు కారులో వెళ్తూ ఫోన్ చేస్తాడు. మనకది రాత్రి తొమ్మిదిన్నర. ముద్ద చేతిలో ఉండగా ఫోన్ వస్తే మాట్లాడలేనని భోజనం ఆపుకునేదాన్ని. మాట్లాడటం అయ్యాక మా ఆయన పడుకునేవారు, నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అన్నం తిన్నాక మిక్స్చర్, మిక్స్చర్ అయ్యాక ఏదో తీపి. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఫోన్ పదిన్నరకు జరిగింది. నోటుబుక్కులో తిండి కూడా దాంతోపాటే జరిగింది, పెరిగింది.

కొడుకు మీద బెంగతో తింటున్నానని నా నమ్మకం. ఎమోషనల్ ఈటింగ్ అనే మాట నేనే ఆమెకు చెప్పాను. ఆమె కాదనలేదు. మధ్యాహ్నం ఎన్నింటికి తిన్నారో చూడండంది. ఒంటి గంటకు. ఆ తర్వాత టీ, బిస్కెట్లు. ఎనిమిదిన్నర గంటలకు పైగా సరైన తిండి లేదు. "ముందు ఆకలిని తీసేద్దాం మేడమ్. బెంగ ఎంతుందో అప్పుడు తెలుస్తుంది." సాయంత్రం ఐదింటికి ఉడికించిన శనగలో, గుడ్డో, పెరుగో తినమంది. భోజనం ఏడున్నరకు. ఫోన్ వచ్చేసరికి కడుపు నిండి ఉండాలి.

రాత్రి తిండి సగానికి సగం తగ్గింది. ఏడాదిలో నేను నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఇదే. మనసు కోసం తింటున్నామనుకునే దాంట్లో చాలా భాగం పస్తుల నుంచి పుడుతుంది. బరువు తగ్గాలని కడుపు మాడ్చుకునేవాళ్ళు రాత్రికి తిండి మీద పడతారు, పడినందుకు తమ మనోబలాన్ని తిట్టుకుంటారు, మర్నాడు ఇంకా మాడ్చుకుంటారు. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్ళున్నారు. మళ్ళీ తిండి పెట్టినప్పుడు కడుపు నిండినా ఆపలేకపోయినవాళ్ళున్నారు. అంతకుముందు వాళ్ళు తిండిపోతులేమీ కారు.

ఇంకో ప్రయోగం 1975 నాటిది. పీటర్ హెర్మన్, డెబొరా మాక్ కొందరు విద్యార్థినులకు ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమని పెట్టారు. మామూలుగా తినేవాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. డైటింగ్‌లో నోరు కట్టుకున్నవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. ఎలాగూ చెడిందన్న ధీమా. ఈ ధీమా తెలియాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. మన శనివారం ఒక్కపొద్దు చాలు. రాత్రి అన్నం మాత్రమే నిషిద్ధం కాబట్టి పూరీలు, ఉప్మా, పెసరట్టు, పైన అరటిపండ్లు. అన్నం తిన్న శుక్రవారమే నయం. మా డైటీషియన్ ఉపవాసం మానమనలేదు, దేవుడికీ నాకూ మధ్యకు రాలేదు. శనివారం మధ్యాహ్నం భోజనంలో పప్పు, కూర పెంచి, రాత్రి టిఫిన్‌ను ఒక ప్లేటుకు కట్టించింది.

ఆకలి తీసేశాక మిగిలిన సగం ఉంది. అది నిజంగానే బెంగ. రెంటికీ తేడా పట్టుకోవడానికి ఆమె ఇచ్చిన పరీక్ష తేలిక. "ఇప్పుడు పెరుగన్నం పెడితే తింటారా?" తింటాననిపిస్తే ఆకలి. పెరుగన్నం వద్దు, మిక్స్చరే కావాలనిపిస్తే అది వేరే సంగతి. కడుపులో ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా ఒప్పుకుంటుంది. ఈ రెండోది ఉన్నట్టుండి వస్తుంది, పేరు పెట్టి మరీ అడుగుతుంది.

దానికి ఆమె నిషేధాలు పెట్టలేదు. "బాధలో తినడం తప్పు కాదు మేడమ్. బాధకు మీ దగ్గర తిండి ఒక్కటే మందుగా ఉండటం ఇబ్బంది" అంది. మనం పెరిగిన తీరే అది. మార్కులొస్తే స్వీటు, జ్వరమొస్తే పాలూ బ్రెడ్డూ, దెబ్బ తగిలితే బెల్లం ముక్క. దాన్ని పీకేయడం కాదు, దాని పక్కన ఇంకో రెండు దారులు పెట్టాలి. తినాలనిపిస్తే పది నిమిషాలు ఆగి చూడాలి. ఆగినా తినాలనే ఉంటే డబ్బాలో చెయ్యి పెట్టకుండా, గిన్నెలో వేసుకుని, టీవీ ఆపి, కూర్చుని తినాలి. ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైంది చిన్న విషయమే. ఫోన్ పెట్టేశాక వాడు చెప్పిన కబుర్లు ఎవరితోనైనా మళ్ళీ చెప్పుకోవాలనిపిస్తుంది నాకు. ఇప్పుడు మా ఆయన ఆ అరగంట మేలుకునే ఉంటున్నారు. కొన్ని రాత్రులు ఇప్పటికీ మిక్స్చర్ డబ్బా తెరుచుకుంటుంది. అదీ నోటుబుక్కులో ఎక్కుతుంది, మిగతా తిండిలాగే.

ఆమె తన హద్దు కూడా తెలిసిన మనిషి. తక్కువ సమయంలో, ఆపుకోలేక, చాలా ఎక్కువగా, చాటుగా తినడం వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు సాగితే అది బింజ్ ఈటింగ్ డిజార్డర్ కావచ్చు. 2013లో అమెరికన్ మనోవైద్యుల రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది. నన్ను మొదటి రోజే ఆ ప్రశ్నలు అడిగి, అలాంటిదేమీ లేదని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టింది. ఉంటే సైకాలజిస్టు దగ్గరికో, సైకియాట్రిస్టు దగ్గరికో పంపేదట. అన్ని తాళాలకూ తన దగ్గరే చెవి ఉందనే డైటీషియన్ కనిపిస్తే జాగ్రత్త పడండి. పొడి డబ్బాలు అమ్మేవాళ్ళయితే మరీను.

తగ్గానా? తగ్గాను. ఉన్న బరువులో ఐదు శాతం తగ్గినా షుగరుకూ బీపీకీ మేలని ఆమె అక్కడే గురి పెట్టింది. మా ఇంట్లో బరువు మిషన్‌ను అటకెక్కించింది. తను మాత్రం టేపుతో నడుం కొలుస్తుంది. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదని లెక్క. నాది ఇంకా దాటే ఉంది. షుగరు మాత్రం గీతకు దిగువకు వచ్చింది.

ఇది నా ఒక్కదాని సంగతి అయితే కాలమ్‌కు ఎక్కించేదాన్ని కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువు, స్థూలకాయం ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఎక్కువ ఇళ్ళలో వంటచేసేది వీళ్ళే, ఆఖరున తినేది వీళ్ళే, మిగిలింది పారేయలేక ముగించేదీ వీళ్ళే. అందుకే మా డైటీషియన్ రెండోసారి వచ్చేటప్పుడు మా ఆయనను కూడా తీసుకురమ్మంది. నాకోసం వేరే వంట వద్దంది. ఇంటిల్లిపాదికీ ఒకటి వండి తనకొకటి వండుకునే పథ్యం ఏ ఇల్లాలి చేతా ఏడాది నడవదు. అదే పప్పు, అదే కూర, కొలతలు మాత్రం ఇద్దరికీ మారాయి. తినేటప్పుడు ఇద్దరం ఒకేసారి కూర్చుంటున్నాం. మిగిలిందానికి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టే పని మా ఆయనది.

వడ్డించే చేతులన్నిటికీ ఒక మనవి. రేపు మీ ఇంటికొచ్చిన వదినో, మరదలో, అక్కో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలంటే, మొహమాటమనుకోకండి. నమ్మండి, గరిటె వెనక్కి తీసుకోండి. ఆ ఒక్కమాట కడుపు నిండి అనడానికి ఆమెకు ఎన్ని నెలల సాధన పట్టిందో మీకు తెలియదు.